అత్తగారు వింటున్న కథ

బరంపురం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. రెండేళ్ల క్రితం ఆమె మరిది చిన్న వయసులోనే జ్వరంతో పోయినాడట. నాటి నుంచి అత్తగారు గుడికి వెళ్లరు, బైబిలు తెరవరు. “ఇన్నేళ్లు చదివాను గదా, నా బిడ్డను నిలబెట్టిందా?” అని ఒక్కసారి అన్నారట. తరువాత ఆ మాట కూడా లేదు. ఈ కోడలు సాయంకాలం పని తెమిలినాక, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, తాను చదువుకునే రోజుల్లో ఇంగ్లీషులో చదివిన బెన్‌హర్ నవలను తెలుగులో చెప్పడం మొదలు పెట్టింది. అత్తగారు మూడు రోజులు వినీ విననట్టు కూర్చున్నారు. నాలుగోనాడు “తరువాతేమయిందే?” అని అడిగారు. ఈ సంగతి తెలిసి సంఘ పెద్ద ఒకరు మందలించారట: దేవుని వాక్యం ఇంట్లో ఉండగా కట్టుకథలు చెప్పి ముసలామెను మభ్యపెట్టడమేమిటని. “నేను చేస్తున్నది తప్పా?” అని సోదరి అడుగుతున్నారు.

తప్పు కాదనే మా అభిప్రాయం. పెద్దగారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు గాని, దానిని తరువాత చూద్దాం.

బెన్‌హర్ అనగానే మనలో చాలామందికి 1959లో వచ్చిన సినిమా, అందులోని రథాల పందెం జ్ఞాపకం వస్తవి. ఆ చిత్రానికి 11 ఆస్కారు బహుమతులు వచ్చినవి. నవల అంతకు చాలా ముందుది, 1880లో అచ్చయినది. వ్రాసిన లూ వాలెస్ పాదిరీ కాడు, సైన్యాధిపతి. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో షైలో అనేచోట జరిగిన పోరాటానికి ఆయన దళం మొదటినాడు సకాలానికి చేరలేదు. ఆ నింద ఆయనను బ్రతికినంత కాలం వదలలేదు. 1876లో రైలు ప్రయాణంలో, నాస్తికుడని పేరుపడిన ఇంగర్‌సాల్‌తో దేవుణ్ణి గురించి చాలాసేపు సంభాషణ జరిగింది. ఆ ప్రశ్నలకు తనవద్ద జవాబు లేకపోవడమే గాక, ఆ విషయమే తానెన్నడూ పట్టించుకోలేదని తెలిసి వాలెస్ సిగ్గుపడ్డాడు. తెలుసుకోవాలని పూనుకుని వ్రాసిన నవల ఇది. ముగించేటప్పటికి తనకు విశ్వాసం కుదిరిందని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. వ్రాసేనాటికి ఆయన పాలస్తీనా చూసినవాడు కాడు. పటాలూ పుస్తకాలూ ముందు పెట్టుకుని వ్రాశాడు. చివరి భాగాలు న్యూమెక్సికో గవర్నరుగా ఉంటూ రాత్రివేళల పూర్తిచేశాడు. ఇంత చెప్పడం ఎందుకంటే, ఈ కథ మొట్టమొదట మార్చిన మనిషి దానిని వ్రాసినవాడే.

సోదరి ఎంతవరకు చెప్పారో వ్రాయలేదు. అత్తగారిని పట్టి నిలిపినది రథాల పందెం కాదేమో ననిపిస్తుంది. చెరసాల నుంచి కుష్ఠురోగంతో బయటపడిన తల్లీ కూతురూ రాత్రివేళ తమ పాత ఇంటి ముందుకు వస్తారు. వాకిట మెట్టు మీద ఒకడు నిద్రపోతుంటాడు. చూస్తే తన కొడుకు యూదా! పోయినాడనుకున్న కొడుకు చేతికందే దూరంలో ఉన్నాడు. ముట్టుకుంటే తన రోగం అంటుతుందేమోనని తల్లి ముట్టుకోదు, పేరు పెట్టి పిలవదు. దుమ్ము పట్టిన అతని చెప్పు అడుగును మాత్రం పెదవులతో తాకి, నిద్ర లేవకముందే తప్పుకుంటుంది. సువార్తలలో ఈ తల్లి లేదు. కాని ప్రభువు ముట్టి బాగుచేసిన కుష్ఠురోగులున్నారు. వారిలో ప్రతి ఒక్కరికీ ఒక తల్లి ఉండే ఉంటుంది గదా! వాక్యం రెండు మూడు పంక్తులలో చెప్పి ముందుకు సాగినచోట నవల కాసేపు కూర్చుంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అలా కూర్చునే తోడే కావలసినది.

(ఇక్కడ ఒక మాట. నవలలో కుష్ఠురోగం చూపిన తీరు భయంకరంగా ఉంటుంది. ఇంట్లో పిల్లలు వింటుంటే అది నేటి సంగతి కాదని చెప్పండి. రోగకారకమైన క్రిమిని హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. 1981 నుంచి కలిపి ఇచ్చే మందులతో అది నయమయ్యే జబ్బు అయింది. వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో తిన్నగా చేసే పనిని డాక్టర్ పాల్ బ్రాండ్ మన వేలూరులోనే ఆరంభించాడు.)

ఇక పెద్దగారి అభ్యంతరం. వాక్యానికి ఏదీ కలపరాదని ఆయన భయం. మంచి భయమే. నవలలోని యూదా బెన్‌హర్ బైబిలులో ఉన్నాడని నమ్మే పిల్లలను మేమెరుగుదుము! ఏది వాక్యమో, ఏది కల్పనో చెప్పేవారు మొదటే చెప్పాలి. అంతమాత్రాన కథను వాకిట ఆపనక్కర లేదు. దావీదు చేసిన పాపాన్ని నాతాను ప్రవక్త నేరుగా ఎత్తిచూపలేదు. ఒక బీదవాడు, వాడు పెంచుకున్న ఒక్క గొఱ్ఱెపిల్ల అని కథ చెప్పాడు. రాజు కోపంతో తీర్పు చెప్పేసిన తరువాత గదా ఆ మనిషి తానేనని తెలిసింది! తప్పిపోయిన కుమారుడు ఏ ఊరివాడు? వాని తండ్రి పేరేమిటి? ఎవరూ అడగరు.

మన తెలుగిళ్లకు ఇది కొత్త కాదు. ఊర్మిళాదేవి నిద్ర వాల్మీకంలో లేదని పాడే అమ్మమ్మలకు తెలుసు. పాడడం మానలేదు, కన్నీరు పెట్టడమూ మానలేదు. జాషువాగారు క్రీస్తు చరిత్రను తెలుగు పద్యాలలో చెబితే, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పద్యాలను మతభేదం లేకుండా మెచ్చుకున్నవారెందరో!

అయితే సోదరీ, నవల వాకిలి వరకే తీసుకువస్తుంది. లోపలికి రూతు గ్రంథంతో వెళ్లండి. చిన్నది, నాలుగే అధ్యాయాలు. అది మనవంటి వారి కథ కూడాను. బేత్లెహేములో కరవు వస్తే ఎలీమెలెకు కుటుంబం పొట్ట చేతబట్టుకుని మోయాబుకు వలసపోయింది. అక్కడ భర్త పోయినాడు. కొడుకులిద్దరూ ఆ దేశపు పిల్లలనే చేసుకున్నారు. ఇంచుమించు పదేళ్లకు వారూ పోయినారు. నయోమి ఒక కోడలితో సొంత ఊరికి తిరిగి వచ్చింది. ఊరివారు పలకరిస్తే, తనను మధురమనే అర్థం వచ్చే ఆ పేరుతో పిలవవద్దనీ, చేదు అనే అర్థం వచ్చే మారా అని పిలవమనీ అన్నది. నిండుగా వెళ్లినదానిని దేవుడే వట్టిచేతులతో తెచ్చాడని ఊరి నడుమ అన్నది.

ఆమెను ఎవరూ మందలించలేదు. ఇది మీ అత్తగారికి వినిపించవలసిన చోటు. ఆమె అన్న మాట వంటి మాటే వాక్యంలో ఉన్నది, ఎవరూ కొట్టివేయకుండా ఉన్నది. 88వ కీర్తన ఇంకా కటువు. చివరి మాట వరకు చీకటే. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంత వరకు మంచివారే. నోరు తెరిచి బోధించడం మొదలుపెట్టినాకనే చెడింది. చివరకు దేవుని కోపం వచ్చినది ఆయనను నిలదీసిన యోబు మీద కాదు, ఆయన పక్షాన వాదించిన ఆ స్నేహితుల మీద. దేవునితో పోట్లాడేవారు దేవుణ్ణి వదిలినవారు కారని మా నమ్మకం. ఉన్నాడనుకుంటేనే గదా పోట్లాట!

రూతు కథలో దేవదూత రాడు, ఆకాశం నుంచి స్వరం వినబడదు, అద్భుతం ఒక్కటీ జరగదు. కోడలు పరాయి పొలంలో పరిగె ఏరుకుని, సాయంకాలానికి దుళ్లగొట్టి, తూమెడు యవలు ఇంటికి తెస్తుంది. అత్త చూసి, ఈరోజు ఎవరి పొలంలో ఏరుకున్నావని అడుగుతుంది. ఊరకే కూర్చున్న మనిషి మళ్లీ ఒక ప్రశ్న అడిగింది! మీ అత్తగారు “తరువాతేమయిందే?” అన్నప్పుడు మాకు ఆ తూమెడు యవలే గుర్తుకు వచ్చినవి. చివరి అధ్యాయంలో మనుమడు ఓబేదు నయోమి ఒడిలో ఉంటాడు. కాని అక్కడికి తొందరపడి వెళ్లకండి. పోయిన కొడుకులు తిరిగి వచ్చారని ఆ గ్రంథం ఎక్కడా అనదు. మొదటి అధ్యాయం చదివి ఆపండి. ఆమె అడిగితే రెండోది.

ఇంకొకటి అడగవలసి ఉన్నది. అత్తగారికి అన్నం సహిస్తున్నదా, నిద్ర పడుతున్నదా? లేకుంటే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. అది విశ్వాసలోపం కాదు. హిజ్కియా రాజు ప్రార్థన ఆలకించబడినదని చెప్పిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు.

పెద్దగారితో వాదం పెట్టుకోకండి. ఆయన్ను కూడా ఒక సాయంకాలం పిలిచి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. రథాల పందెం చెప్పేనాడైతే మరీ మంచిది.