కోట హోటలైనచో గౌరవము తగ్గునా?

పూర్వులు ప్రభువులై నివసించిన కోటలో డబ్బు పుచ్చుకొని బాటసారులకు బస యిచ్చుట, భోజనము పెట్టుట గౌరవహానియని కొందఱు తలంతురు. నా తలంపు వేఱు. అందులకు స్కాట్లండు దేశమందలి డల్‌హౌసీ కోట చరిత్రయే చాలును.

ఈ కోట ఎడింబరో నగరమునకు దక్షిణముగా, దక్షిణ ఎస్క్ నదీతీరమున నున్నది. 13వ శతాబ్దిలో రామ్సే వంశీయులు దీనిని నిర్మించిరి. 1400వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన నాలుగవ హెన్రీ ముట్టడించినను ఇది లొంగలేదు. యుద్ధముల కాలము గడచిన పిమ్మట కోట నివాసభవన మాయెను.

విద్యార్థులారా! మన చరిత్రతోను ఈ యింటికి సంబంధము కలదు. 1848 మొదలు 1856 వఱకు భారతదేశమున గవర్నరు జనరలుగా నుండిన డల్‌హౌసీ ప్రభువు 1812లో ఇచటనే జన్మించెను; 1860లో ఇచటనే మరణించెను. ఆయన పాలనలోనే 1853లో బొంబాయినుండి ఠాణాకు రైలు నడచెను. తంతితీగలు దేశమెల్ల సాగెను. ఆయన పాలనలోనే సతారా, ఝాన్సీ, నాగపురము కుంపిణీ వశమయ్యెను. హైదరాబాదు నిజాము 1853లో సైన్యపు బాకీ క్రింద బేరారును అప్పగింపవలసి వచ్చెను.

కూర్చుండి తిన్నచో కొండలైనను కరగునందురు. 20వ శతాబ్ది ఆరంభమున రామ్సే కుటుంబము బ్రెచిన్ కోటకు తరలిపోయెను. పాత కోటను అద్దెకిచ్చిరి. కొంతకాలమందు పాఠశాల నడచెను. ఆ శతాబ్దిలో స్కాట్లండున గొప్ప యిండ్లనేకము కూలిపోయినవి. కప్పులేని యింటికి పన్నులేదు గనుక, యజమానులే కొన్నింటికి కప్పు తీసివైచిరి. కప్పు పోయిన యిల్లు వానకు నాని శిథిలమగుటకు ఎన్నియేండ్లు పట్టును? డల్‌హౌసీ కోటకు అట్టి దుర్గతి పట్టలేదు. 1972లో అది హోటలాయెను. పూర్వము చెఱసాలగా నుండిన కమానుల నేలమాళిగ భోజనశాలగా మాఱెను.

బందీలు కుమిలిన చోట విందులేమని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న ఉచితమైనదే. కాని ఆ గది మట్టిలో కలసిపోయియున్నచో బందీలను తలచుకొనువారే యుండరు. బాటసారి యిచ్చు సొమ్ముతోనే కప్పు నిలుచును, గోడ నిలుచును. కష్టించి బ్రదుకుట మనుష్యునకు సిగ్గుకానట్లే యింటికిని సిగ్గుకాదు.

ఐనను ఒక నియమము వలయును. అతిథుల మెప్పుకొఱకు చరిత్రలో తీపిని మాత్రమే వడ్డింపరాదు. ఆ గృహమున జన్మించినవాని పేరు చెప్పినప్పుడు రైలును చెప్పవలెను, బేరారును చెప్పవలెను, ఝాన్సీని మఱువరాదు. సగము కథ చెప్పి గోడలను నిలిపినచో కోట మిగులును గాని చరిత్ర మిగులదు. రెండును నిలిపిన హోటలు, తాళము వేసిన రాజభవనముకంటె గౌరవనీయమని నా యభిప్రాయము.