సైలెన్సర్ పైపుకు రేకు చుట్టి పిల్లల్ని ఎక్కించకండి

కార్తీకం మొదలైంది. ఇక అరసవల్లి రథసప్తమి దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత బండ్లకు తీరిక ఉండదు. సముద్ర స్నానాలకు కళింగపట్నం, బారువ, చింతపల్లి, వనభోజనాలకు తోటలు, స్వాములతో శబరిమల, సంక్రాంతికి ఊరొచ్చే వలస కుటుంబాల కోసం రైల్వే స్టేషన్ల దగ్గర పడిగాపులు. పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన టర్బో డీజిల్ బొలెరోలు, సుమోలు, స్కార్పియోలు, తవేరాలు చలికి అద్దాలన్నీ మూసుకుని రాత్రంతా నడిచే కాలమిది. వీటిలో ఏ బండి కింద సైలెన్సర్ పైపు చిల్లుపడి పొగ వదులుతోందో, ఆ పైపును ఈ వారమే మార్చాలి. రేకు చుట్టడం కాదు, మాట్లు వేయడం కాదు. మార్చాలి.

పైపు చిల్లుపడిందని తీసుకెళ్తే షెడ్డులో వినిపించే మాట మనందరికీ తెలుసు. "ఏటీ కాదు బాబూ, రేకు సుట్టేసి క్లాంపు బిగించేస్తే ఇంకో ఆర్నెల్లు ఆడతాది." మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు. ముందు "తక్కువలో అయిపోవాలి" అన్నది మనమే. బండి నడుస్తోంది, మైలేజీ కాస్త తగ్గింది, శబ్దం కాస్త పెరిగింది, అంతే కదా అనుకుంటాం. ఆ శబ్దంతో పాటు బయటికొచ్చే గాలి ఎటు పోతోందో ఆలోచించం.

అందులో ఉండేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్లు మండవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. పట్టుకుంటే తొందరగా వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో చేరినదాంట్లో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. మొదట తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, వాంతి, మగత. ప్రయాణంలో ఇవన్నీ మామూలే అనుకుంటాం. "బండి పడలేదు", "పైత్యం చేసింది", "పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అని నిమ్మకాయ చేతికిస్తాం. వెనక సీట్లో పిల్లవాడు నిద్రపోతుంటే లేపడం ఎందుకని ఊరుకుంటాం. పిల్లలు పెద్దవాళ్ల కంటే వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి విషం వాళ్లకే ముందు ఎక్కుతుంది. గర్భిణి పీలిస్తే ఆమె కంటే కడుపులో బిడ్డకు ఎక్కువ ముప్పు.

డీజిల్ బండికి ఆ భయం లేదు, అది పెట్రోలు కార్ల సంగతి అని చెప్పేవాళ్లున్నారు. సగం నిజమైన మాట కాబట్టే ఇది ప్రమాదకరం. బాగున్న డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కంటే చాలా తక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. కానీ బాగున్న అన్న మాట దగ్గరే మన పాత టర్బో బండి తప్పిపోతుంది. టర్బో తిరిగేది ఎగ్జాస్ట్ గాలి తోపుడుతోనే. ఆ తోపుడుతో చక్రం తిరిగి, బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపిస్తుంది. మానిఫోల్డు దగ్గరో, టర్బోకు ముందున్న గ్యాస్కెట్ దగ్గరో గాలి కారిపోతే చక్రం వేగం తగ్గుతుంది. ఇంజన్‌కు అందాల్సిన గాలి అందదు. డ్రైవరు మాత్రం పికప్ లేదని యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు. గాలి తక్కువై, డీజిల్ ఎక్కువై నల్లపొగ చిమ్ముతుంది, దాంతో పాటే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. అంటే కారే చోటే విషాన్ని పెంచుతోంది, పెరిగిన విషం ఆ చోటునుంచే బయటికొస్తోంది. ఎయిర్ ఫిల్టరు పూడుకుపోయి, ఇంజెక్టర్లు అరిగిపోయి ఉంటే ఇంకా ఘోరం. ఇక డీజిల్ పొగ సంగతి వేరే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది.

టర్బో దాటాక పైపు చిల్లుపడితే పికప్ పెద్దగా తగ్గదు. డ్రైవరుకు తేడా తెలియదు. నా ఉద్దేశంలో అదే ఎక్కువ భయపడాల్సినది, ఎందుకంటే ఆ పైపు పోయేది సరిగ్గా మనుషులు కూర్చునే నేల కిందనుంచే.

మన ప్రాంతంలో పైపులు త్వరగా పోవడానికి కారణం కళ్ల ముందే ఉంది. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి ఆ తీరప్రాంతం గుండానే సాగుతుంది. ఉప్పుగాలి ఇనుమును వదలదు. తుపాన్లు సరేసరి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఇళ్లూ కొబ్బరిచెట్లూ లెక్కకొచ్చాయి గానీ, నీళ్లలో నానిన బండ్ల అడుగుభాగాల్ని ఎవరు చూశారు? బయటి తుప్పు ఒక ఎత్తు, లోపలి తుప్పు ఇంకో ఎత్తు. సంతదాకా, బడిదాకా చిన్న దూరాలే తిరిగే బండికి పైపు పూర్తిగా వేడెక్కదు. పొగలోని ఆవిరి సైలెన్సర్‌లో నీరై, గంధకంతో కలిసి ఆమ్లంగా మారి లోపలినుంచి తినేస్తుంది. పైకి పైపు బాగానే కనబడుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోతుంది.

పొగ లోపలికి ఎలా వస్తుందని అడుగుతారు. గేరు రాడ్డు కింద చిరిగిన రబ్బరు బూటు నుంచి, క్లచ్ పెడల్ దగ్గరి రంధ్రం నుంచి, మ్యాట్ కింద తుప్పుపట్టిన నేల నుంచి, సరిగా మూతపడని వెనక డోరు నుంచి. కొబ్బరి బస్తాలో, పనసకాయలో పట్టలేదని వెనక డోరు తెరిచి తాడుతో కట్టి నడుపుతారు చూడండి, అప్పుడైతే బండి తన పొగను తానే లోపలికి లాక్కుంటుంది. నడిచే బండి వెనక గాలి పలచబడుతుంది, ఆ ఖాళీలో తిరిగే పొగ తెరిచిన డోరులోంచి లోపలికి చేరుతుంది. వెనక ఎదురెదురు సీట్లలో కూర్చునేది ముసలివాళ్లూ పిల్లలే. ఏసీని లోపలి గాలి తిరిగేలా పెడితే పొగ రాదన్న నమ్మకమూ తప్పే. నేల కంతలోంచి వచ్చినది బయటికి పోయే దారి లేక పేరుకుంటుంది.

2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ పొగ నేలలో ఉన్న కంతలోంచి లోపలికి చేరిందని నిపుణుల పరీక్షలో తేలింది. 2017 జులైలో అమెరికాలోని ఆస్టిన్ నగర పోలీసు శాఖ కార్బన్ మోనాక్సైడ్ అనుమానంతో దాదాపు 400 పెట్రోలింగ్ కార్లను ఒకేసారి పక్కన పెట్టింది. మన విజయనగరం పక్కన ద్వారపూడిలో 2025 మే 18న ఆగి ఉన్న కారులో నలుగురు చిన్నారులు ఊపిరాడక పోయారు. అక్కడ కారణం పొగ కాదు, తలుపులు తెరుచుకోకపోవడం. అయినా మూసిన కారు ఎంత చిన్న గదో ఆ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గదిలోకి పొగ కూడా వస్తే ఏమవుతుందో ఊహించడానికి చదువు అక్కర్లేదు.

"పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా" అంటారు. ఆ పరీక్షలో గొట్టం పెట్టేది సైలెన్సర్ చివర్న. మధ్యలో కారిపోయిన పొగ చివరిదాకా రాదు, కారేచోట బయటి గాలి కలిసి ఉన్నది పలచబడుతుంది కూడా. కాబట్టి చిల్లుపడిన బండి పరీక్షలో ఇంకా శుభ్రంగా కనిపించవచ్చు. ఆ కాగితాన్ని ప్రాణానికి హామీగా తీసుకోకండి.

కారుతోందో లేదో తెలుసుకోవడానికి తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట చూడాలి. ఒకరు స్టార్ట్ చేస్తే ఇంకొకరు బానెట్ దగ్గర చెవి పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గే శబ్దం వస్తే మానిఫోల్డు దగ్గర కారుతోంది. ఇనుము వేడికి సాగి పగులు తాత్కాలికంగా మూసుకుంటుంది కాబట్టి శబ్దం తగ్గింది, జబ్బు తగ్గలేదు. జాయింట్ల దగ్గర మసి చారలుంటే అక్కడ పొగ వస్తున్నట్టే. బండి ఎక్కగానే డీజిల్ పొగ వాసన వస్తే ఇక పరీక్షే అక్కర్లేదు.

మార్చే పని కూడా అడ్డదిడ్డంగా చేయిస్తే కొత్త ప్రమాదం వస్తుంది. టర్బో దగ్గరి స్టడ్లు ఏళ్ల తరబడి వేడికి మాగి బిగుసుకుపోయి ఉంటాయి. సుత్తితో కొడితే విరిగి, టర్బో మొత్తం విప్పాల్సి వస్తుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి నానబెట్టమనండి. తీసిన గ్యాస్కెట్ తిరిగి వాడకూడదు. టర్బోకు ముందు జాయింట్లలో పేస్టు పూయనివ్వకండి, ఎండిన ముక్క ఊడి టర్బో చక్రంలో పడుతుంది. కంపెనీ పైపు కంటే సన్నది వేయకండి, పొగ వెనక్కి తన్ని టర్బో వేడెక్కుతుంది. ముఖ్యంగా మెలితిరిగే జాలీ పైపు ఉన్నచోట మామూలు ఇనుప గొట్టం పెట్టి వెల్డింగ్ చేసేస్తుంటారు. ఇంజన్ ఊగినప్పుడల్లా ఆ ఊపంతా మానిఫోల్డు మీద పడి కొన్నాళ్లకే అది పగులుతుంది. అసలు పైపు ఎందుకు పగిలిందో కూడా చూడమనండి. ఇంజన్ మౌంటింగులు, హ్యాంగర్ రబ్బర్లు పోయి ఉంటే కొత్త పైపూ నిలవదు. తీసి మూలన పడేసిన, వేడిని ఆపే రేకును మళ్లీ బిగించాలి. పైపు వేడి వందల డిగ్రీలు, పక్కనే డీజిల్ గొట్టాలు, బ్రేకు గొట్టాలు, వైర్లు ఉంటాయి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. జాకీ ఒక్కదాని మీద, ఇటుకల మీద బండి నిలిపి కిందికి దూరే మేస్త్రీ ప్రాణం కూడా ప్రాణమే. స్టాండ్లు వేయించండి. కొత్త పైపుతో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించుకోవాలి.

పైపు మార్చేదాకా ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కకండి, బరువు లాగే కొద్దీ పొగ పెరుగుతుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని బండిలో ఎవరూ నిద్రపోవద్దు. షెడ్డు తలుపులు మూసి ఇంజన్ నడపవద్దు. తప్పనిసరై కదిపితే ఒంటరిగా, అద్దాలన్నీ దించి, వెనక డోరు మూసి, మెకానిక్ దాకా మాత్రమే.

ప్రయాణంలో ఒకరికి మించి తలనొప్పి, వాంతి, మగత అంటే వెంటనే బండి ఆపి, అందరినీ దించి, దూరంగా ఆరుబయటికి తీసుకెళ్లి 108కి ఫోను చేయండి. అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లకండి. కోవిడ్ రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సీమీటరును నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ పట్టిన రక్తంగానే లెక్కిస్తుంది, మనిషి పోతున్నా 98 చూపించగలదు. డాక్టరుకు మొదటి మాటగా "బండి పొగ పీల్చారు" అని చెప్పండి. కావాల్సింది మాస్కుతో పూర్తి ఆక్సిజన్, అది ఎంత త్వరగా అందితే అంత మేలు.

రెండు జిల్లాల రవాణా అధికారులకు ఒక విన్నపం. ఫిట్‌నెస్‌కు వచ్చిన పాత బండిని పైనుంచి చూసి వదలకుండా, గుంత మీద నిలిపి ఇంజన్ నుంచి చివరిదాకా పైపును చూడండి. రేకు చుట్టి ఉంటే సర్టిఫికెట్ ఆపండి. స్కూలు పిల్లల్ని, స్వాముల్ని తీసుకెళ్లే బండ్లతో ఈ పని మొదలుపెట్టండి.

బండి యజమానులకు: పైపు, గ్యాస్కెట్లు, మేస్త్రీ కూలీ అన్నీ కలిపినా కొత్త టర్బో ధర కంటే తక్కువే. రేపు పొద్దున్నే బండి కిందికి వంగి చూడండి. మసి కనిపిస్తే శబరిమల ప్రయాణం ఆ బండిలో కాదు, ఇంకో బండి మాట్లాడుకోండి.