కాటా చెప్పేది సగమే

"అబ్బ, ఎంత సన్నబడ్డావే! ఏం చేశావేంటి?" అని మనవాళ్లు మెచ్చుకుంటుంటారు. టైఫాయిడ్ వచ్చి లేచినా అదే మాట, షుగర్ ముదిరి చిక్కిపోయినా అదే మాట. తగ్గింది కొవ్వా, కండా అని అడిగే వాళ్లేరీ? కాటాకీ ఆ తేడా తెలీదు. ఎముక, కండ, కొవ్వు, నీరు అన్నీ కలిపి ఒక్క అంకె చూపించి ఊరుకుంటుంది.

డాక్టర్లు చెప్పే బి.ఎం.ఐ. కూడా ఆ తానులో ముక్కే. కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణితవేత్త కెట్లే జనసమూహాల లెక్కల కోసం కట్టిన సూత్రం. మనిషిని చూసి వైద్యం చేయడానికి కాదు. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ తమ ఫొటోలే లాన్సెట్ పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! సన్నగా ఉన్నాం కదా అనుకునే మన ఇళ్లల్లో షుగర్ ఎలా దూరుతుందో ఇప్పుడర్థమైందా? అందుకే మన దేశంలో 23 దాటితేనే అధిక బరువు అంటున్నారు. ఆడవాళ్లకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. చీర కుచ్చిళ్లు దోపే చోట కాదు సుమా, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన కొలవాలి.

ఇక జిమ్ముల్లో, సన్నబరిచే సెంటర్లలో ఉండే మెషీన్ల సంగతి. చెప్పులు విప్పి ఎక్కితే కొవ్వు ఇంత, కండ ఇంత, "మీ శరీరం వయసు 52" అని చీటీ చేతికిస్తాయి. వెనకాలే ప్యాకేజీ రేటు చెబుతారు. నిజానికి అవి కొవ్వుని చూడనే చూడవు. కాళ్లలోంచి సన్నటి కరెంటు పంపి, ఒంట్లో నీరెంతుందో అంచనా కట్టి, దాన్నిబట్టి కొవ్వు లెక్కేస్తాయి. నీళ్లు తక్కువ తాగినా, కాళ్లు వాచినా, నెలసరి ముందు ఒళ్లు నీరు పట్టినా అంకె మారిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు ఎక్కకూడదు. అలాగని దండగ అనను. డయాలిసిస్ రోగుల్లో ఎంత నీరు నిలిచిందో చూడ్డానికి ఇదే పద్ధతిని డాక్టర్లు వాడతారు. ఇంట్లో ఉంటే పొద్దున్నే పరగడుపున ఒకే మెషీన్ మీద నెలకోసారి చూసుకోండి. ఒక్కరోజు అంకెకి బెంగపడొద్దు.

నా బాధ వేరే. డబ్బిచ్చి సన్నబడే వాళ్లకి ఇన్ని కొలతలు తీస్తారే, మంచాన పడ్డవాళ్లకి ఎందుకు తియ్యరు? కాన్సర్‌కి కీమో తీసుకుంటున్న బొద్దుమనిషిలో కండ కరిగిపోతున్నా పైకి తెలియదు. "బాగానే ఉంది కదా" అనుకుంటాం. కండ తగ్గినవాళ్లని ఆ మందులు మరింత ఇబ్బంది పెడతాయి. జబ్బు కోసం ఎలాగూ తీసిన సి.టి. స్కాన్‌లోనే నడుం దగ్గర మూడో వెన్నుపూస ఎదురుగా కండెంతుందో కొలవచ్చు. మళ్లీ స్కాన్ అక్కర్లేదు. చూసి చెప్పే తీరిక కావాలంతే.

అంత ఖర్చూ అక్కర్లేదు. అయిదేళ్లలోపు పిల్లల జబ్బకి టేపు చుట్టి, 11.5 సెంటీమీటర్లకి తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపమని గుర్తిస్తారు. ఆ పిల్ల అమ్మమ్మ జబ్బకి ఎవరైనా ఎప్పుడైనా టేపు చుట్టారా? చుట్టేది జాకెట్లు కుట్టే టైలరొక్కడే! "చేతులు వదులైపోయాయమ్మా" అని ముందు చెప్పేదీ అతనే. గాజులు మోచేతి దాకా జారుతున్నా అదే కబురు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది చేసి చూడండి. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి పిక్క లావుగా ఉన్నచోట చుట్టండి. పిక్కకీ వేళ్లకీ మధ్య సందు మిగిలితే కండ తరిగిందేమోనని అనుమానించాలి. జపాన్‌లో పెద్దవాళ్లని ఇలాగే పరీక్షిస్తారు. సీసా మూత తియ్యలేకపోతున్నా, కుర్చీలోంచి చేత్తో ఊతం తీసుకోకుండా లేవలేకపోతున్నా డాక్టరుకి చెప్పాల్సిందే. వయసు మీద పడిందిలే అని వదిలెయ్యకండి.

ఆస్పత్రిలో చేర్చిన రోజే బరువుతోపాటు జబ్బ, పిక్క కొలతలు కేస్ షీట్‌లో రాయమని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వాళ్లు రాయకపోతే టేపు మీరే పట్టుకెళ్లి, మందుల చీటీ వెనకాల తేదీ వేసి రాసుకోండి.