మానేశాక ఎక్కడికెళ్లాలి?

దుకాణాల లాటరీ, 99 రూపాయల క్వార్టరు, బెల్టుషాపులు... 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త పాలసీ వచ్చినప్పటి నుంచి మద్యం మీద మన పత్రికల చర్చంతా సీసా చుట్టూనే తిరుగుతోంది. తాగేవాడి గురించి రాయాల్సి వస్తే ‘డీఅడిక్షన్ సెంటర్లో చేర్పించాలి’ అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఆ ముక్కలో రెండు పొరపాట్లున్నాయి. ఎవరిని పడితే వారిని చేర్పించడానికి చట్టం ఒప్పుకోదు. చేర్పించినంత మాత్రాన వైద్యం పూర్తవదు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) రెండో సెక్షన్లో మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో మద్యం, మత్తుపదార్థాల వాడకంతో వచ్చే స్థితులు కూడా ఉన్నాయి. అంటే వ్యసనం ముదిరినవాడు ఈ చట్టం కింద హక్కులున్న రోగి. ఆయన ఇష్టం లేకుండా ఆసుపత్రిలో ఉంచాలంటే ఇంటివాళ్ల సంతకం ఒక్కటే చాలదు. 89వ సెక్షన్ ప్రకారం ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు సైకియాట్రిస్టు కావాలి. ప్రాణహాని, ఇతరులకు హాని, తన సంగతి తాను చూసుకోలేని స్థితి, వీటిలో ఏదో ఒకటి తేలాలి. అప్పుడైనా మొదటి గడువు 30 రోజులే. 65వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేనిదే కేంద్రం నడపకూడదు. గొలుసులతో కట్టెయ్యడాన్ని 95వ సెక్షన్, బలవంతంగా గుండు గీయడాన్ని 20వ సెక్షన్ నిషేధించాయి. ‘మూడు నెలల ప్యాకేజీ’ పేరుతో డబ్బు కట్టించుకుని మనిషిని గదిలో పడేసే కేంద్రాల గురించి రాసేటప్పుడు ఈ సెక్షన్లలో ఒక్కటైనా ప్రస్తావనకు రాదు.

అసలు కీలకం 18వ సెక్షన్. మానసిక వైద్యం అందుకునే హక్కులో ఆసుపత్రి మంచంతోపాటు ఇంటి దగ్గర, ఊళ్లో అందే పునరావాస సేవలనూ అది చేర్చింది. మానేసినవాళ్లు వారం వారం కలిసి కూర్చునే మీటింగుకు దారి చూపడం కూడా అందులో భాగమేనని నా వాదన. ఇది సాగదీసిన భాష్యమని అనేవారున్నారు. ఊరి స్థాయి పునరావాసం అని రాసి, ఆ ఊళ్లో తోటివాళ్ల సాయం లేకపోతే ఆ మాటకు ఇంకేం మిగులుతుంది?

మన చర్చ ఇక్కడిదాకా రాకపోవడానికి చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అది సడలింది. ఆయన పుట్టిన నిమ్మకూరు, ఆయన్ను గెలిపించిన గుడివాడ మా కృష్ణా డెల్టాలోవే. కాబట్టి ఇక్కడ మద్యం మాటెత్తితే నిషేధం గుర్తొస్తుంది. కానీ ఆ పోరాటంలో తాగేవాడు ముద్దాయే. 1995 చట్టం సవరణలతో ఇప్పటికీ బతికే ఉంది. దాని తర్వాత వచ్చిన 2017 చట్టం అతన్ని రోగిగా గుర్తించినా, మన సంపాదకీయాలు మాత్రం 1995లోనే ఆగిపోయాయి.

కేంద్రం ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతావాళ్లు ఏంచేస్తున్నారో పల్లెల్లో అందరికీ తెలుసు. అయ్యప్ప మాల వేస్తారు. దీక్ష 41 రోజులూ సీసా ముట్టనివాణ్ణి ప్రతి ఊళ్లో చూశాం. భక్తితోపాటు సన్నిధానం, గురుస్వామి, సాయంత్రం భజన, పక్కన తనలాగే నల్లబట్టల్లో ఉన్న పదిమంది ఆయన్ను నిలబెడతారు. మాల తీశాక ఆ పదిమందీ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. మరునాటి సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు.

1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులో జరిగేదీ ఈ కూర్చోవడమే. నాలుగు కుర్చీలు, టీ గ్లాసులు. ఇంటిపేరు అడగరు, రిజిస్టరులో సంతకం పెట్టించరు. ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని చెప్పి ఒక్కొక్కరూ తమ సంగతి తాము చెబుతారు. ఎవరూ మధ్యలో అడ్డుకోరు, సలహా ఇవ్వరు. ఫీజు లేదు. చివర్లో చందా సంచి తిరుగుతుంది, ఇష్టమైతే వేస్తారు. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక చాలు. స్లిప్పయినవాడు మళ్లీ రావచ్చు. దీనికి శాస్త్రం లేదనేవారు వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష చూడాలి. 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మనుషులు. పూర్తిగా మానేయించడంలో ఈ పద్ధతీ, దీనివైపు నడిపించే చికిత్సా ఇతర చికిత్సలకు తీసిపోలేదు, కొన్నిచోట్ల మెరుగ్గానే నిలిచాయి. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. ముందు ఆసుపత్రి, తర్వాత మీటింగు.

ఉదాహరణకు కృష్ణా జిల్లా ఘంటసాల మండలం శ్రీకాకుళంలో ఉండే మనిషి ఈ రెంటికీ బందరు (మచిలీపట్నం) వైపే చూడాలి. 2023లో వచ్చిన మెడికల్ కాలేజీతో ఆసుపత్రి దారి మెరుగుపడింది. కానీ డిశ్చార్జి కాగితంలో మాత్రలుంటాయి, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటుంది. దగ్గర్లో మీటింగు ఎక్కడో, ఏ వారమో రాసి ఉండదు. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబరు మద్యం దుకాణం గోడ మీద కనిపించదు. పట్నంలో రాత్రి ఎనిమిదికి మీటింగు ముగిస్తే దివిసీమ వాడు ఇల్లు చేరేదెట్లా?

మీటింగులను ప్రభుత్వమే నడపాలని నేననడం లేదు. బయటి డబ్బు తీసుకోకపోవడం ఆ సంఘం నియమం. అయినా సాయంత్రం ఖాళీగా ఉండే పంచాయతీ గదిని మామూలు అద్దెకు ఇవ్వొచ్చు. డాక్టరు రిఫరల్లో ఆ చిరునామా రాయొచ్చు. కర్ణాటకలో ధర్మస్థల సంస్థ మద్యవర్జన శిబిరం ముగిశాక ఊళ్లలో నవజీవన సమితులు పెట్టి ఈ లోటు పూడ్చుకుంది. మనకు అంత సంస్థ అక్కర్లేదు, ఎక్సైజ్ శాఖకు ఒక్క ఆదేశం చాలు. బడికీ గుడికీ దుకాణం ఎంత దూరంలో ఉండాలో టేపు పట్టి కొలిచే ప్రభుత్వం, ఆ దుకాణం నుంచి మీటింగు ఎంత దూరమో కూడా కొలిచి లైసెన్సు మీద రాయాలి. 18వ సెక్షన్ ఇచ్చిన హక్కు అప్పటిదాకా కాగితం మీదే.