సర్వరుతోపాటు కొనవలసినది

దస్తావేజును చేతబట్టుకొని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున వరుసలో నిలిచిన రైతు, సర్వరు పనిచేయుట లేదన్న మాట విని మరునాటికి మరలిపోవుట మనకు నిత్యానుభవము. నెట్‌వర్కో సాఫ్ట్‌వేరో అందుకు కారణము కావచ్చును. కాని యంత్రమే చెడిన సందర్భములలో తప్పు చాలవరకు కొనుగోలు నాడే జరిగియుండునని నా నిశ్చితాభిప్రాయము. కోర్లెన్ని, మెమరీ యెంత, వెల యెంత అని విచారించి ఎల్‌-వన్ టెండరును ఖాయపరచువారు, చెడిన నాడు ఎవరు వత్తురు, ఏ భాగమును వెంటగొని వత్తురు అను ప్రశ్నను విస్మరించుచున్నారు.

యంత్రము విషయమున గ్రహింపవలసినవి కొన్నియే. రెండు పవర్ సప్లయిలుండవలెను. ప్రతి 64 బిట్లకు 8 బిట్లను కాపలా యుంచి, ఒక బిట్టు తారుమారైనచో తానే సవరించుకొను ఈసీసీ మెమరీ యుండవలెను. గూగుల్ సర్వర్లను పరిశీలించి 2009లో వెలువరించిన పరిశోధనపత్రమున, ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా మెమరీ మాడ్యూళ్లయందు దోషములు కనబడెనని తేలినది; కావున ఇది ఆడంబరము కాదు.

అయినను మంచి యంత్రమును కొని నిశ్చింతగా నుండరాదనుటకు, 2019 నవంబరులో హ్యూలెట్ పాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తానే ప్రకటించిన వృత్తాంతము నిదర్శనము. తన సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డీలు, ఫర్మ్‌వేరు దోషమువలన, సరిగా 32,768 గంటలు, అనగా 3 సంవత్సరముల 270 దినముల 8 గంటలు పనిచేసిన పిమ్మట పూర్తిగా చెడుననియు, డిస్కుగాని అందలి సమాచారముగాని తిరిగి రాదనియు ఆ సంస్థ హెచ్చరించెను. రెండు డిస్కులు పోయినను నిలుచునట్లు రెయిడ్ కట్టుకొన్నవారి గతిని ఊహింపుడు: ఒకే నాడు, ఒకే మీట నొక్కగా మేల్కొన్న ఎనిమిది డిస్కులును ఇంచుమించు ఒకే సమయమున మూగవోవును! మరుసటి మార్చిలో 40,000 గంటలకు చెడు మరియొక దోషము బయటపడెను. రెంటికిని మందు క్రొత్త ఫర్మ్‌వేరే. కాని ఆ హెచ్చరికను చదివి, మోడల్ నంబరుతో సరిచూచుకొని, గడువులోపల దానిని ఎక్కించు మనిషి కార్యాలయమున నుండవలెను గదా.

ఇక సపోర్టు ఒప్పందము. 'నాలుగు గంటల రెస్పాన్స్' అను షరతును చూచి నాలుగు గంటలలో యంత్రము బాగుపడునని భ్రమించువారు పెక్కురు. అది ఫోనుకు బదులు పలుకుటయో, ఇంజనీరు వచ్చుటయో మాత్రమే. బాగుచేయుటకు గడువు కావలెనన్న అది వేరు షరతు, వేరు వెల. ఆంబర్ దీపము వెలుగుచున్న డిస్కు ఎదుట నిలిచి ఫోను చేసినవానిని సీరియల్ నంబరు చెప్పుమందురు, లాగులు పంపుమందురు, ఫర్మ్‌వేరు అప్‌డేటు చేసి చూడుమందురు. ఇంజనీరు కదలునది ఆ పిమ్మటనే. విడిభాగముల గోదాము హైదరాబాదున, సర్వరు ఆసిఫాబాదున నున్నచో ఆ దూరము గూడ ఎవరి లెక్కలోనిదో కాగితముపై నుండవలెను.

ప్రాసెసరులో ఒక మెట్టు తగ్గించుకొనియైనను, అదే మోడలు డిస్కులు రెండును, పవర్ సప్లయి ఒకటియు కొని బీరువాలో నుంచుడని నా సలహా. ఐదేండ్ల సపోర్టును యంత్రముతోడనే టెండరులో చేర్చవలెను. ఏలయనగా పోటీదారులుండునది ఆనాడే, మూడేండ్ల తరువాత రెన్యూవల్‌కు వెళ్లినవానికి అమ్మకందారు చెప్పినదే ధర.

ఆసుపత్రులవారికి మరియొక మాట. వారంటీ క్రింద క్రొత్త డిస్కు నిచ్చినవారు సాధారణముగా చెడిన డిస్కును తీసికొనిపోవుదురు. దానిలో రోగుల వివరములు మిగిలియుండవచ్చును. చెడిన డిస్కును మనయొద్దనే యుంచుకొను వెసులుబాటును పెక్కు కంపెనీలు అదనపు రుసుముపై ఇచ్చుచున్నవి. ఆ రుసుమును మొదటి కొటేషనులోనే అడుగవలెను.