పది నిమిషాల ఫుర్సత్

పోయిన బక్రీద్‌కు మా భాంజా జెద్దా నుంచి వచ్చాడు. ఖర్జూరాలు, అత్తరు సీసాలతో పాటు ఒక వీఆర్ హెడ్‌సెట్ కూడా తెచ్చాడు. పిల్లల వంతులన్నీ అయ్యాక దాన్ని వాళ్ల అమ్మీకి, అంటే మా ఆపాకు పెట్టాడు. ఆపాకు రెండేళ్లుగా బీపీ ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టదు. సముద్రపు ఒడ్డు దృశ్యం పెట్టి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. పది నిమిషాలు ఆమె కదల్లేదు. ఎప్పుడూ బిగిసి ఉండే భుజాలు మెల్లగా కిందికి దిగడం మేమంతా చూశాం. హెడ్‌సెట్ తీశాక ఆమె సముద్రం ఊసే ఎత్తలేదు. “కోయీ పుకారే క్యా రే?” అంది. ఎవరైనా పిలిచారా అని.

ఆ సవాల్ నా జెహన్‌లోంచి పోవడం లేదు.

ముందు ఈ యంత్రం విషయంలో ఇన్సాఫ్ చేద్దాం. మనలో చాలామంది దీన్ని పిల్లల ఖిలోనా అనుకుంటారు. కానీ అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే ఇద్దరు 1990లలోనే దీన్ని దవాఖానాకు తీసుకొచ్చారు. కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు మరీజ్ పడే తక్లీఫ్ మాటల్లో చెప్పలేం. ఆ సమయంలో వాళ్లకు ‘స్నోవరల్డ్’ అనే మంచులోకం చూపించారు. మంచు లోయలో తేలుతూ పోవడం, మంచు బొమ్మల మీద మంచు ముద్దలు విసరడం, అంతే. మెదడుకు ఒకేసారి అన్నిటి మీదా ధ్యాస పెట్టే తాకత్ లేదు. కళ్లు, చెవులు మంచులో మునిగితే నొప్పికి దక్కే ధ్యాస తగ్గుతుంది. మరీజులు నొప్పి తగ్గిందన్నారు. మెదడు స్కాన్‌లలోనూ ఆ తేడా కనిపించింది.

2021 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీర్ఘకాలపు నడుం నొప్పికి ఒక వీఆర్ ఇలాజ్‌ను అనుమతించింది. 8 వారాలు, మొత్తం 56 పాఠాలు. వాటిలో లోతుగా శ్వాస తీసుకోవడం, ధ్యాస మళ్లించడం, కండరాలు వదులు చేయడం నేర్పుతారు. అదీ మిగతా వైద్యానికి తోడుగానే, దాని బదులు కాదు.

“నమాజ్ ఉంది, జిక్ర్ ఉంది, మనకీ డబ్బా ఎందుకు?” అని కొందరు పెద్దలు అంటున్నారు. నమాజ్‌లో సుకూన్ ఉందన్న మాటకు నాకు ఎదురు లేదు. కానీ మన బుజుర్గులు నమాజ్ చదువుతూనే దవాఖానాలు కట్టారు. తుర్కియేలోని ఎదిర్నే నగరంలో సుల్తాన్ రెండో బాయజీద్ 1488 నాటికి ఒక దారుష్షిఫా కట్టించాడు. గుంబద్ కింద నడిమధ్య నీళ్ల ఫవారా. మనసు బాగాలేని వాళ్లకు ఆ నీటి చప్పుడు, సంగీతం, పూల పరిమళం కూడా ఇలాజ్‌లో భాగమే. పిచ్చివాళ్లని గొలుసులతో కట్టేసే కాలంలో మాట ఇది. ఇవాళ ఆ భవనం వైద్య మ్యూజియం. కళ్లకూ చెవులకూ హాయినిచ్చి మనసును కుదుటపరచడం మన తహజీబ్‌కు కొత్త కాదు. ఫవారా పోయి హెడ్‌సెట్ వచ్చింది, అంతే ఫరఖ్.

హద్దు ఎక్కడో కూడా తెలిసి ఉండాలి. 2021 డిసెంబరులో సౌదీలో హజ్రె అస్వద్‌ను వీఆర్‌లో చూపించే ప్రయత్నం మొదలైంది. కొన్ని వారాలకే తుర్కియే మజహబీ వ్యవహారాల సంస్థ దియానత్ సాఫ్‌గా చెప్పేసింది: మెటావర్స్‌లో కాబా చూస్తే చూడండి గానీ, అది హజ్ కాదు. హజ్‌కు పాదాలు ఆ నేల మీద ఉండాలి. సుకూన్ విషయంలోనూ నేను అదే అంటాను. చూపించేది చూడండి, కాస్త ఊపిరి తీసుకోండి. జిందగీ మాత్రం హెడ్‌సెట్ బయటే ఉంటుంది.

ఎందుకంటే మన పరేషానీలు సముద్రం చూడకపోవడం వల్ల రాలేదు. వడ్డీకి తెచ్చిన ఖర్జు, ఆడపిల్ల షాదీ, గల్ఫ్‌లో కొడుకు నౌకరీ ఉంటుందో ఊడుతుందో తెలియని ఫిక్ర్, రెండు గదుల్లో ఎనిమిది మంది. హెడ్‌సెట్ తీయగానే అవన్నీ అక్కడే కూర్చుని ఉంటాయి. పని భారం తగ్గించకుండా ఉద్యోగులకు హెడ్‌సెట్ ఇచ్చి ‘రిలాక్స్ అవ్వండి’ అనే మాలిక్‌ల మీద నాకు గుస్సా వచ్చేది అందుకే.

ఇక ఆపా సవాల్. మనం మగాళ్లం. మనకు ఫుర్సత్‌కు జాగాలున్నాయి. ఇషా తర్వాత మసీదు బయట నిలబడి గప్పాలు కొట్టొచ్చు, ఇరానీ హోటల్లో ఒక్క చాయ్‌తో గంట కూర్చోవచ్చు. ఆపాకు ఏ జాగా ఉంది? ఫజ్ర్‌కు ముందు లేస్తుంది, అందరూ పడుకున్నాక పడుకుంటుంది. నమాజ్‌లో ఉన్నా వంటింట్లో కుక్కర్ కూత చెవిన పడుతూనే ఉంటుంది. ఆ పది నిమిషాల్లో ఆమెకు హాయినిచ్చింది అలలేనా, ఎవరూ పిలవకపోవడమా? రెండోది ఇవ్వడానికి జెద్దా నుంచి ఏమీ తేనక్కర్లేదు.

హెడ్‌సెట్ ఉన్న ఇళ్లవాళ్లు వాడుకోండి, గలత్ లేదు. కూర్చుని వాడండి. కళ్లు తిరిగితే, వికారమైతే వెంటనే తీసేయండి. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పెట్టుకోవద్దు. చిన్నపిల్లలకు అసలే వద్దు. వారాల తరబడి నిద్ర రాకపోతే, దేని మీదా మనసు నిలవకపోతే, బతుకు మీద విరక్తి కలిగితే మాత్రం యంత్రాన్ని పక్కన పెట్టి మనిషితో మాట్లాడాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ‘ఎర్రగడ్డ కేసు’ అని నవ్వే మన అలవాటు ఎంతమంది నోళ్లు మూయించిందో ఒక్కసారి ఆలోచించండి.

భాంజా జెద్దా వెళ్లిపోయాడు. హెడ్‌సెట్ బీరువా మీద ఉంది. ఇప్పుడు అసర్ తర్వాత ఆపా గది తలుపు కాసేపు వేసి ఉంటోంది, ఆ పూట చాయ్ దుల్హాభాయ్ పెడుతున్నారు. చక్కెర ఎక్కువ పడుతోందట. ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు.