శాంతసాగరమను భ్రాంతి

నీరు కదలకున్నచో భయము లేదని మన జనులలో నొక నమ్మకము నాటుకొనియున్నది. పసిపిల్లలను వెంటబెట్టుకొని సముద్రతీరమునకు బోవు తల్లిదండ్రులు మొట్టమొదట అడుగు ప్రశ్న యిదియే: అచ్చట అలలు పెద్దవా? కావని ప్రత్యుత్తరము వచ్చినంతనే వారి విచారణ ముగియుచున్నది. యాత్రలను విక్రయించు వర్తకులకును ఇంతకు మించిన పరీక్ష లేదు. నీలవర్ణపు నీటి పటము నొకదానిని చూపి, "ఇది శాంతమైన తీరము, పిల్లలకు స్వర్గము" అని వ్రాసి రొక్కము పుచ్చుకొనుచున్నారు. ఈ నమ్మకము తప్పనియు, ఈ వర్తకము బాధ్యత నెరుగనిదనియు, తీరములను ప్రచారము చేయుటలో చూపు శ్రద్ధను తీరముల కావలియందు చూపని పాలకులు దోషులనియు మా యభియోగము. మాటలతో గాక నిదర్శనములతోనే దీనిని స్థాపింప బూనుచున్నాము.

అండమాను దీవులనే గైకొందము. ఒకనాడు ఆ పేరు వినినంతనే తెలుగు తల్లుల గుండె ఝల్లుమనెడిది. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు గోడల నడుమ దేశభక్తులెందరో క్రుంగి కృశించిరి. 1943 డిసెంబరు 30వ తేదీన సుభాసచంద్ర బోసు ఆ నేలమీద త్రివర్ణపతాక నెత్తెను. దానిని స్మరించి 2018లో హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీపమనియు, నీల్ దీవికి షహీద్ ద్వీపమనియు నామకరణము చేసిరి. 2024లో పోర్టుబ్లెయిరు శ్రీవిజయపురమైనది. ఆ పట్టణపు వీధులలో నేడు తెలుగు మాట వినవచ్చును. శ్రీకాకుళపు ప్రాంతమునుండి తరలిపోయిన కుటుంబములెన్నియో అచ్చట కాపురముండినవి. ద్వీపాంతరవాస శిక్షకై నాడు పంపబడిన చోటికి నేడు మనవారు బిడ్డల నెత్తుకొని వేడుకకై పోవుచున్నారు. సంతోషమే. కాని వేడుకకు బోవు వానికి వివేకము వలదా?

స్వరాజ్ ద్వీపమున పడమటి దిక్కుననున్న రాధానగరపు తీరము జగత్ప్రసిద్ధము. 2004లో 'టైమ్' పత్రిక దానిని ఆసియాలో ఉత్తమ తీరమని కొనియాడెను. 2020లో మన ఋషికొండతోపాటు దానికిని 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు లభించెను. గజ ఈతగాండ్రు, రక్షణ సాధనములు, నీటి శుద్ధి మొదలగు 33 నియమములు చెల్లించిన చోటికే ఆ గుర్తింపు నిత్తురు. అది మెచ్చదగినదే. అయితే ఆ పతాక కావలి గల స్నానభాగమునకే గాని దీవి యంతటికిని అభయపత్రము కాదు. ఆ తీరపు కొసన నీల్స్ కోవ్ అను చిన్న మడుగువంటి చోటు గలదు. అచ్చట అలలు లేవు. చూచుటకు కోనేటివలె నుండును. శాంతమే క్షేమమైనచో దానికంటె క్షేమమైన చోటు మరియొకటి యుండరాదు. కాని 2010 ఏప్రిలులో ఒక అమెరికా యువతిని ఉప్పునీటి మొసలి పొట్టన బెట్టుకొన్నది ఆ చోటనే! మొసలి అలలను కోరదు. మడ అడవుల ప్రక్కనుండు నిశ్చలమైన నీటినే కోరును. వాండూరునందును కార్బిన్స్ కోవ్‌నందును మొసళ్ల హెచ్చరికలు వెలసినది ఊరక కాదు. ఇక పాఠకులే తీర్పు చెప్పుదురుగాక: నీరు కదలకుండుట క్షేమమునకు సాక్ష్యమా, లేక విచారణ ఆరంభింపవలసిన అనుమానమా?

రెండవ నిదర్శనము గాలి. తీరము శాంతముగా నుండుటకు తరచుగ కారణమేమి? గాలి సముద్రమునుండి గాక నేలమీదుగా వీచుటయే. కార్తికమునుండి మాఘమువరకు ఈశాన్యపు గాలి వీచునపుడు రాధానగరము దీవి చాటుననుండును గనుక నీరు అద్దమువలె నుండును. ఆ గాలియే ఒడ్డుననున్న వస్తువును లోనికి త్రోయును. గాలి నింపిన రబ్బరు చక్రములో బిడ్డను కూర్చుండబెట్టి, "ఇంక భయము లేదు" అని తండ్రి గట్టుమీద కబుర్లలో మునుగును. ఆ చక్రము తెరచాపవలె గాలి నందుకొని నిశ్శబ్దముగా దూరమగును. పెద్ద అలలున్న తీరమున బిడ్డకు భయము తోచును, తల్లి చేయి విడువదు. అలలు లేని తీరమున ఆ రెండు కావలులును ఒక్కమారే సడలును. మే మొదలు సెప్టెంబరు వరకు నైరృతి గాలి తిరిగినపుడు ఆ తీరముననే కెరటములు లేచి, ఒడ్డునుండి లోనికి లాగు ప్రవాహములు పుట్టును. తీర మొక్కటియే, ఋతువు మారిన గుణము మారును. ఏ మాసమో చెప్పక "శాంతమైన తీరము" అని ప్రకటించుట సగము నిజము. సగము నిజము ధర్మాసనము ముందు అబద్ధముతో సమానము.

మూడవది ఆటుపోటులు. స్వరాజ్ ద్వీపపు తూర్పున విజయనగరపు తీరమును, షహీద్ ద్వీపమున భరతపురపు తీరమును లోతు తక్కువగల చోట్లు. పగడపు దిబ్బలు అలల నాపివేయును గనుక పసిపిల్లలకు ఇవి అనుకూలములే. కాని దినమునకు రెండుమారులు నీరు తీసి రెండుమారులు పోటెక్కును. నీరు తీసినపుడు చచ్చిన పగడపు అంచులు కత్తులవలె తేలి లేత పాదములను కోయును. పోటెక్కునపుడు గంట క్రిందట మోకాలిబంటి యున్న నీరు బిడ్డ ఛాతిని దాటును. భరతపురమున రేవును, అద్దపు అడుగు పడవలును, మోటారు బోట్లును చేరువనే యున్నవి. ఆ దారిన బిడ్డను విడువరాదు. కాలాపత్థర్ తీరము కన్నులకు పండుగయే. అచ్చట రాళ్లు మెండు. అది చూచుటకు తగినది, పసివారి నాడించుటకు కాదు.

కావున తీరము నెన్నుకొను తల్లిదండ్రులు అలల ప్రశ్నను చివరకు నెట్టి యీ ప్రశ్నలను ముందు వేయవలయును: మేము నీటనుండు గంటలలో గజ ఈతగాడుండునా? ఈ మాసమున గాలి ఎటు వీచును? పోటు ఎన్ని గంటలకు? చేరువన వాగు నోరు గాని మడ అడవి గాని గలదా? పడవల దారి ఎచ్చట? ఆపద వచ్చిన ఆసుపత్రి ఎంత దూరము? స్వరాజ్ ద్వీపమునుండి శ్రీవిజయపురపు పెద్ద ఆసుపత్రికి సముద్రము దాటియే పోవలయునని మరువరాదు. ఈ ప్రశ్నలకు బదులు చెప్పలేని వర్తకుని చేతిలో బిడ్డల ప్రాణముల నుంచుట కంటె ఆ సెలవులు ఇంటనే గడపుట మేలు.

"మా తాతలు ఏ గజ ఈతగాడు లేకయే సముద్రస్నానము చేయలేదా?" యని కొందరందురు. చేసిరి; మునిగిన వారి లెక్క వ్రాసిన వారెవరు? నేడు లెక్క గలదు. 2022వ సంవత్సరమొక్కటియందే మన దేశమున నీట మునిగి మరణించినవారు 38,000కు పైబడిరని ప్రభుత్వ లెక్కలే చెప్పుచున్నవి. 2021లో ప్రపంచమున ఇట్లు మరణించిన సుమారు 3,00,000 మందిలో దాదాపు నాల్గవవంతు అయిదేండ్లలోపు పసికందులని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. "అంతయు విధి" యని మరికొందరందురు. చేతనున్న బిడ్డను విడిచి విధిని నిందించుట వేదాంతము కాదు, సోమరితనము. "కావలికి ఖర్చెక్కువ" యని పాలకులందురు. యాత్రికులవలన వచ్చు రాబడిని లెక్కించునపుడు ఈ ఖర్చు ఏల కానరాదు? 2023లో కేంద్ర ఆరోగ్యశాఖ మునకల నివారణకై యొక ప్రణాళికను ప్రకటించెను. కాగితము నీట మునుగు బిడ్డకు చేయి యందింపజాలదు.

మేము కోరునది విపరీతము కాదు. యాత్రికులను పిలుచు ప్రతి తీరమునను సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు గజ ఈతగాండ్రుండవలయును. ఆ దినపు గాలి, పోటు, మొసలి జాడ తెలుపు పలకలు హిందీ, బెంగాలీ, తెలుగు, తమిళ భాషలలో నిలుపవలయును. తీరమును అమ్ముకొను వర్తకుడు ఏ మాసమున అది పిల్లలకు తగదో కూడ అచ్చువేయవలెనని నిర్బంధింపవలయును. స్వరాజ్ ద్వీపమని పేరు పెట్టుట సులభము. ఆ తీరమున ఒక కూలివాని బిడ్డయు నిర్భయముగా ఆడుకొనినపుడే ఆ పేరు సార్థకమగును.

తల్లిదండ్రులకు తుదిగా నొక్క మాట. మునుగు పసివాడు కేకలు వేయడు, చేతులాడింపడు. సద్దులేకుండ కొన్ని నిమిషములలోనే అంతయు ముగియును. ఎంతటి కావలి యున్నను, ఎంతటి శాంతమైన నీరైనను, పెద్దవారిలో ఒకరు వంతు వేసుకొని, చేతి ఫోనును ప్రక్కకు బెట్టి, చేయి చాపిన బిడ్డ అందునంత దూరముననే నిలువవలయును. సముద్రమునకు పగ లేదు, దయయు లేదు. దయ మనయందుండవలయును, అది మెలకువ రూపముననే యుండవలయును.